తీగ లేకుండా పెడల్ నుంచి హ్యాండిల్ దాకా



వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయండయ్యా అని వార్డెన్ సార్ ప్రతి ఏడూ అడుగుతారు. "ఈసారి తప్పకుండా సార్" అని మేము ముగ్గురం ప్రతి ఏడూ చెబుతాం, తర్వాత తప్పించుకుంటాం. ఈసారి తప్పించుకోబుద్ధి కాలేదు. పోయిన ఏడాది మన హాస్టల్ తమ్ముడొకడు సైకిల్ పోటీల శిక్షణకు జరిగిన ఎంపికకు వెళ్లి, తన తప్పేమీ లేకుండా వెనక్కి వచ్చాడు. వాడిని వెనక్కి పంపింది మనిషి కాదు, హ్యాండిల్ మీద కనిపించిన ఒక అంకె. ఆ అంకె ఎక్కడ పుట్టింది, ఏ దారిన వచ్చింది అన్నది వాడికి తెలియదు. నిజం చెప్పాలంటే అక్కడున్న పెద్దవాళ్లకు కూడా పూర్తిగా తెలియదు. అందుకే ఈ పాఠం.

మాలో ఒకరు జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతున్నారు, ఒకరు హైదరాబాదులో రేసు సైకిళ్లు బాగుచేసే షాపులో పనిచేస్తున్నారు, ఒకరు ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చేశారు. ముగ్గురం కూర్చుని రాశాం కాబట్టి తప్పులుంటే ముగ్గురినీ తిట్టండి. తొమ్మిదో తరగతి సైన్సు, కూడికలు, తీసివేతలు వస్తే చాలు, ఇదంతా అర్థమవుతుంది.

అసలు కొలిచేది దేన్ని?

సామర్థ్యం అంటే ఒక సెకనులో జరిగిన పని, దాని ప్రమాణం వాట్ అని మీరు చదివే ఉంటారు. మన స్టడీ హాలులో తిరిగే పాతకాలపు సీలింగ్ ఫ్యానుకు సుమారు 75 వాట్లు కావాలి. ఒక మనిషి 200 వాట్లతో సైకిల్ తొక్కుతున్నాడంటే రెండు ఫ్యాన్లకు పైగా తిప్పగలిగే పని తన కాళ్లతో చేస్తున్నాడన్నమాట.

సైకిల్ వేగాన్ని బట్టి తొక్కేవాడి బలం చెప్పలేం. ఎదురుగాలిలో ప్రాణం పెట్టి తొక్కినా వేగం రాదు. దిగుడులో కాళ్లు ఆపేసినా బండి దూసుకుపోతుంది. కాబట్టి కాలు పెడల్ మీద ఎంత మెలిబలం వేసింది, పెడల్ ఎంత చురుగ్గా తిరిగింది అనే రెండూ కొలిచి గుణించాలి. మెలిబలాన్నే పాఠ్యపుస్తకంలో టార్క్ అంటారు. టార్క్‌ను కోణీయ వేగంతో గుణిస్తే సామర్థ్యం వస్తుంది. పెడల్ నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతుందో ఆ సంఖ్యను కేడెన్స్ అంటారు. ఈ మాట ముందు చాలాసార్లు వస్తుంది, గుర్తుంచుకోండి.

పెడల్‌ను మధ్య ఇరుసుకు కలిపే కాడను షాపుల్లో క్రాంకు అంటాం. 1986లో జర్మనీకి చెందిన ఉల్రిచ్ షోబెరర్ అనే ఇంజనీరు ఈ క్రాంకు దగ్గరే బలాన్ని కొలిచే సాధనం తయారుచేశాడు. ఆయన పెట్టిన కంపెనీయే ఎస్.ఆర్.ఎం. ఆ రోజుల్లో క్రాంకు నుంచి హ్యాండిల్ మీది పెట్టె దాకా కొలత తీగ మీదే వచ్చేది. వానకు తడిసి, బురద పట్టి, కాలికి తగిలి తీగ తెగిందంటే కొలత ఆగిపోయినట్టే.

ఇనుము ఎంత సాగితే అంత బలం

క్రాంకు చూడటానికి గట్టి లోహపు ముక్క. అయినా కాలు నొక్కినప్పుడు అది కంటికి కనబడనంత వంగుతుంది. దాని మీద పల్చని లోహపు రేకు గీతలున్న చిన్న బిళ్లను అతికిస్తారు. దీని పేరు స్ట్రెయిన్ గేజ్. క్రాంకు వంగితే ఆ గీతలు సాగుతాయి. సాగిన తీగ పొడవు పెరిగి మందం తగ్గుతుంది కాబట్టి దాని విద్యుత్ నిరోధం పెరుగుతుంది. ఇది పదో తరగతి పాఠమే.

ఎంత పెరుగుతుందో లెక్క చూడండి. 350 ఓమ్‌ల గేజ్ పదివేలలో ఒక వంతు సాగిందనుకుందాం. ఇటువంటి గేజ్‌లలో నిరోధంలో వచ్చే మార్పు, సాగుడుకు దాదాపు రెండింతలు ఉంటుంది. అంటే 350ని 2తో, 0.0001తో గుణిస్తే 0.07 ఓమ్. ఇంత చిన్న మార్పును నేరుగా కొలవలేం. అందుకే మీరు ఇంటర్‌లో "ఇదెందుకు సార్" అని విసుక్కునే వీట్‌స్టన్ బ్రిడ్జి ఇక్కడ పనికొస్తుంది. నాలుగు నిరోధాలను చతురస్రంలా కలిపి, ఒకటి కాస్త మారినా మధ్యలో చిన్న వోల్టేజీ పుట్టేలా చేస్తారు. దాన్ని పెంచి అంకెగా మారుస్తారు.

ఇక్కడ ఒక చిక్కుంది. లోహం ఎండకు కూడా సాగుతుంది. చల్లని గదిలోంచి సైకిల్‌ను ఎండలోకి తెస్తే, ఎవరూ తొక్కకుండానే సెన్సర్ కొంత బలం ఉన్నట్టు చూపవచ్చు. కిరాణా కొట్టు కాటా ఖాళీగా ఉన్నప్పుడు ముల్లు సున్నా మీద ఉందో లేదో చూసుకుంటాం కదా, అలాగే పెడల్ మీద కాలు పెట్టకుండా సున్నా సరిచేయాలి. ఈ పని మొదలుపెట్టేది హ్యాండిల్ మీది డిస్‌ప్లే. "ఇప్పుడు నీ మీద బరువు లేదు, దీన్నే సున్నాగా తీసుకో" అని అది సెన్సర్‌కు కబురు పంపుతుంది, సెన్సర్ "సరే" అనో "కుదరలేదు" అనో బదులిస్తుంది. కాబట్టి మాట ఒకవైపే సాగుతుందనుకోకండి. ఎక్కువసేపు మాట్లాడేది సెన్సరే అయినా, డిస్‌ప్లేకు కూడా నోరుంది.

చౌక సెన్సర్లు కొన్ని ఎడమ క్రాంకు మీదే ఉంటాయి. అవి ఎడమకాలి సామర్థ్యాన్ని రెట్టింపు చేసి మొత్తం అని చూపిస్తాయి. కుడికాలు బలంగా ఉన్నవాడికి ఇది అన్యాయమే.

గాలిలో మాట: యాంట్ ప్లస్

తీగ తీసేయాలంటే రేడియో కావాలి. ప్రపంచంలో చాలా దేశాలు 2.4 గిగాహెర్ట్జ్ దగ్గరి పౌనఃపున్యాలను తక్కువ శక్తి పరికరాలకు లైసెన్సు లేకుండా వదిలేశాయి. మన దేశంలో ఆ వెసులుబాటు 2005లో వచ్చింది. వైఫై, బ్లూటూత్, కంప్యూటరు వైర్‌లెస్ మౌసు, సైకిల్ సెన్సర్ అన్నీ ఈ ఇరుకు సందులోనే సర్దుకుంటాయి.

కెనడాలో కోక్రేన్ అనే ఊళ్లో డైనాస్ట్రీమ్ అనే సంస్థ ఇలాంటి చిన్న పరికరాల కోసం యాంట్ అనే రేడియో పద్ధతిని తయారుచేసింది. 2006లో ఆ సంస్థను గార్మిన్ కంపెనీ కొనుక్కుంది. యాంట్ అంటే మాట మోసుకెళ్లే పద్ధతి మాత్రమే. ఆ మాటలో ఏ స్థానంలో ఏముండాలో అందరూ ఒప్పుకున్న ఒప్పందం పేరు యాంట్ ప్లస్. దీనివల్ల ఒక కంపెనీ సెన్సర్ చెప్పింది ఇంకో కంపెనీ డిస్‌ప్లేకు అర్థమవుతుంది. 2025లో ఈ యాంట్ ప్లస్ సభ్యత్వ, ధ్రువీకరణ కార్యక్రమాన్ని ఆపేశారు. కానీ అప్పటికే అమ్ముడుపోయిన సెన్సర్లూ డిస్‌ప్లేలూ మామూలుగానే మాట్లాడుకుంటున్నాయి.

యాంట్ ప్లస్ సెన్సర్లు 2,457 మెగాహెర్ట్జ్ అనే ఒకే చోట మాట్లాడతాయి. అందరూ ఒకే చోట మాట్లాడితే గోల కాదా? మాకూ మొదట ఈ సందేహమే వచ్చింది. జవాబు ఏమిటంటే ఒక్కో మాట చాలా పొట్టిది, సెకనులో వెయ్యో వంతు కూడా పట్టదు. పవర్ సెన్సర్ సెకనుకు సుమారు నాలుగుసార్లు ఒక పొట్టి మాట చెప్పి నిద్రపోతుంది. చేతి గడియారంలో ఉండే క్వార్ట్జ్ స్ఫటికం సెకనుకు 32,768 సార్లు కంపిస్తుంది. పవర్ సెన్సర్ అటువంటి కంపనాలు 8,182 లెక్కపెట్టి ఒకసారి మాట్లాడాలని ఒప్పందం. 32,768ని 8,182తో భాగించి చూడండి, నాలుగు కన్నా రవ్వంత ఎక్కువ వస్తుంది.

సరిగ్గా 8,192 పెట్టుకుంటే ఖచ్చితంగా నాలుగు వచ్చేది కదా, ఈ వంకర సంఖ్య ఎందుకు? ఛాతీకి కట్టుకునే గుండె కొట్టుకుడు సెన్సర్‌కు ఇచ్చిన సంఖ్య 8,070. రెండింటికీ ఒకే సంఖ్య ఇస్తే, ఒకసారి రెండూ ఒకే క్షణంలో మాట్లాడితే ప్రతిసారీ ఢీకొంటూనే ఉంటాయి. సంఖ్యలు వేరైతే ఒకసారి ఢీకొన్నా తర్వాతిసారికి పక్కకు జరిగిపోతాయి. మన హాస్టల్లో రెండు గదులవాళ్లు ఒకే నిమిషానికి స్నానాలకు పోతే రోజూ కొట్లాటే. ఒక గది రోజూ రెండు నిమిషాలు ముందుకు జరిగితే కొట్లాట ఎప్పుడో ఒకరోజు మాత్రమే.

డిస్‌ప్లే కూడా తెలివిగలదే. మొదట చెవులు పూర్తిగా తెరుచుకుని వెతుకుతుంది. ఒకసారి సెన్సర్ మాట వినబడిందంటే, తర్వాతి మాట ఎప్పుడు వస్తుందో దానికి తెలుసు కాబట్టి ఆ క్షణానికే చెవి తెరుస్తుంది. ఇలా ఇద్దరూ ఎక్కువసేపు నిద్రపోబట్టే నాణెమంత బ్యాటరీతో సెన్సర్ కొన్ని వందల గంటలు నడుస్తుంది.

ఇంకో ముఖ్యమైన సంగతి, తర్వాత కథకు ఇదే ఆధారం. సెన్సర్ మాట్లాడేది ఫోన్లో మాట్లాడినట్టు కాదు, పంచాయతీ ఆఫీసు మైకులో చెప్పినట్టు. దగ్గర్లో ఉన్న ఏ డిస్‌ప్లే అయినా వినవచ్చు, ఒకేసారి పదిమంది వినవచ్చు. ఎవరు విన్నారో సెన్సర్‌కు తెలియదు. మరి డిస్‌ప్లే తన సెన్సర్‌ను ఎలా గుర్తుపడుతుంది? ప్రతి సెన్సర్‌కు 1 నుంచి 65,535 లోపు ఒక నంబరు ఉంటుంది. దానితో పాటు తాను ఏ జాతి పరికరమో చెప్పే సంఖ్య కూడా ఉంటుంది, పవర్ సెన్సర్ల జాతి సంఖ్య 11. మొదటిసారి జతకట్టేటప్పుడు డిస్‌ప్లే "11వ జాతిలో ఎవరైనా సరే" అని వెతికి, దొరికినవాడి నంబరు రాసుకుంటుంది. ఆ తర్వాత ఆ నంబరునే వెతుకుతుంది, సైకిల్ మారినా సరే. సైకిల్ ఏదో దానికి తెలియదు, తెలిసింది నంబరే.

ఎనిమిది బైట్ల ఉత్తరం

ఇప్పుడు ఆ పొట్టి మాటను విప్పి చూద్దాం. మాకు ఇందులో అన్నిటికన్నా నచ్చింది ఇదే, కాబట్టి కొంచెం సాగదీస్తాం.

ఒక్కో మాటలో ఎనిమిది బైట్లే ఉంటాయి. ఒక బైట్‌లో 0 నుంచి 255 దాకా ఏదో ఒక సంఖ్య పడుతుంది. మొదటి బైట్ ఇది ఏ రకం ఉత్తరమో చెబుతుంది. అక్కడ 16 ఉంటే మామూలు సామర్థ్యపు ఉత్తరం. రెండో బైట్ కొత్త కొలత తీసిన ప్రతిసారీ ఒకటి పెరిగే లెక్క. మూడోది రెండు కాళ్ల మధ్య పని ఎంతెంత పంపకమైందో చెబుతుంది. నాలుగోది కేడెన్స్. ఐదు, ఆరు బైట్లు కలిసి ఇప్పటిదాకా తీసిన కొలతలన్నిటి మొత్తం. ఏడు, ఎనిమిది కలిసి ఈ క్షణపు సామర్థ్యం.

సామర్థ్యానికి రెండు బైట్లు ఎందుకంటే ఒక బైట్ 255 దగ్గర ఆగిపోతుంది. గట్టి రేసుగాడు చివరి పరుగులో వెయ్యి వాట్లు దాటతాడు. రెండు బైట్లయితే 65,535 దాకా పడుతుంది. రాసేటప్పుడు చిన్న భాగం ముందు, పెద్ద భాగం వెనుక రాస్తారు. 300 వాట్లు అంటే ఒక 256, దాని మీద 44. కాబట్టి ముందు 44, తర్వాత 1 వస్తాయి.

ఈ క్షణపు సామర్థ్యం పంపుతున్నప్పుడు మళ్లీ మొత్తం ఎందుకు? దారిలో ఉత్తరాలు పోతాయి కాబట్టి. 2.4 గిగాహెర్ట్జ్ తరంగాన్ని నీరు బాగా పీల్చుకుంటుంది, మన ఒంట్లో సగానికి పైగా నీరే. క్రాంకుకూ డిస్‌ప్లేకూ మధ్య తొడ అడ్డం వస్తే, ఫోను వెనుక జేబులో ఉంటే, పక్కన ముప్పై మంది తొక్కుతుంటే కొన్ని మాటలు వినబడవు. పోయిన ఉత్తరాన్ని మళ్లీ పంపమని అడిగే తీరికా బ్యాటరీ సెన్సర్‌కు లేవు.

ఇంటి కరెంటు మీటరును గుర్తు తెచ్చుకోండి. మీటరు చూసేవాడు ఒక నెల రాకపోయినా ఏమీ నష్టం లేదు. మీటరు తిరిగిన మొత్తాన్ని చూపుతుంది కాబట్టి తర్వాతి నెల వచ్చి తీసివేత చేస్తే రెండు నెలల వాడకం వచ్చేస్తుంది. సెన్సర్ కూడా అంతే.

ఉదాహరణకు డిస్‌ప్లేకు అందిన ఒక ఉత్తరంలో కొలతల లెక్క 250, మొత్తం 65,300 అని ఉంది. ఆ తర్వాత కొన్ని ఉత్తరాలు పోయాయి. మళ్లీ అందిన దానిలో లెక్క 4, మొత్తం 1,064 అని ఉంది. ఇదేంటి, తగ్గిపోయింది అని కంగారు పడకండి. ఒక బైట్ లెక్క 255 తర్వాత సున్నాకు తిరుగుతుంది, రెండు బైట్ల మొత్తం 65,535 తర్వాత సున్నాకు తిరుగుతుంది. స్కూటర్ మీటర్ 99,999 తర్వాత సున్నాలు చూపించినట్టే. కాబట్టి తీసివేతలో రుణసంఖ్య వస్తే లెక్కకు 256, మొత్తానికి 65,536 కలపాలి.

4 నుంచి 250 తీసి 256 కలిపితే 10. అంటే పది కొలతలు జరిగాయి. 1,064 నుంచి 65,300 తీసి 65,536 కలిపితే 1,300. ఆ 1,300ను పదితో భాగిస్తే 130 వాట్లు. మధ్యలో ఉత్తరాలు పోయినా ఆ కాసేపటి సగటు పోలేదు. ఒక మాట కూడా ఎక్కువ పంపకుండా, ఒక్క తీసివేతతో నష్టాన్ని పూడ్చుకున్నారు. ఈ పద్ధతిని కనిపెట్టినవాడికి కరెంటు మీటర్ల మీద గౌరవం ఉండి ఉండాలి.

ఒకటో బైట్‌లో 18 ఉంటే అది ఇంకో రకం ఉత్తరం. అందులో సెన్సర్ వాట్లు చెప్పదు. క్రాంకు తిరగడానికి పట్టిన కాలాల మొత్తాన్నీ, టార్క్ మొత్తాన్నీ చెబుతుంది, గుణకారం డిస్‌ప్లే చేసుకోవాలి. కాలాన్ని సెకనులో 2,048వ వంతుల్లో, టార్క్‌ను న్యూటన్ మీటరులో 32వ వంతుల్లో రాస్తారు. ఒక చుట్టులో కాలం 2,048 పెరిగిందంటే చుట్టుకు ఒక సెకను పట్టింది, కేడెన్స్ 60. టార్క్ మొత్తం 640 పెరిగిందంటే 640ని 32తో భాగిస్తే 20 న్యూటన్ మీటర్లు. సెకనుకు ఒక చుట్టు అంటే కోణీయ వేగం రెండు పైలు, 6.28. ఇరవైని 6.28తో గుణిస్తే సుమారు 126 వాట్లు.

బ్లూటూత్ సంగతి

2010లో వచ్చిన బ్లూటూత్ నాలుగో రూపంలో తక్కువ కరెంటుతో నడిచే పద్ధతిని చేర్చారు. స్మార్ట్‌ఫోన్లలో అది ఉండటంతో సైకిల్ సెన్సర్లు కూడా ఆ భాష నేర్చుకున్నాయి. ఇప్పటి సెన్సర్లు చాలావరకు రెండు భాషలూ మాట్లాడతాయి.

ఇది మైకు కాదు, ఫోన్ కాల్ లాంటిది. సెన్సర్ ముందు మూడు ప్రత్యేక చానళ్లలో "నేనిక్కడున్నాను" అని చాటుతుంది. డిస్‌ప్లే పిలిస్తే ఇద్దరి మధ్యా కనెక్షన్ ఏర్పడి, ఆ తర్వాత మిగిలిన 37 చానళ్లలో గంతులేస్తూ మాట్లాడుకుంటారు. ఒక చానల్లో వైఫై గోలగా ఉన్నా ఇంకో చానల్లో మాట అందుతుంది. సైకిల్ సామర్థ్యానికి ఇచ్చిన సేవ నంబరు, హెక్సాడెసిమల్ లెక్కలో, 1818. ఇక్కడ కూడా క్రాంకు చుట్ల మొత్తాన్నీ, చివరి చుట్టు పూర్తయిన క్షణాన్నీ సెకనులో 1,024వ వంతుల్లో పంపుతారు. రెండు ఉత్తరాల మధ్య చుట్లు 3, కాలం 2,048 పెరిగితే రెండు సెకన్లకు మూడు చుట్లు, అంటే కేడెన్స్ 90.

తొక్కడం ఆపేశాక కూడా అంకె రెండు మూడు సెకన్లు నిలబడి తర్వాత సున్నా అవ్వడం కొందరు చూసే ఉంటారు. చుట్టు పూర్తయితేనే కొత్త కాలం వస్తుంది. రాకపోతే ఆగిపోయాడా, నెమ్మదించాడా అన్నది డిస్‌ప్లేకు వెంటనే తెలియదు. కాస్త ఆగి చూసి సున్నా వేస్తుంది.

ఫోన్ కాల్ అన్నాం కదా, దాని ఇబ్బంది కూడా ఉంది. పాత బ్లూటూత్ సెన్సర్లు ఒక్కరితోనే మాట్లాడతాయి. స్నేహితుడి ఫోను ముందే పట్టేసుకుంటే మీ డిస్‌ప్లేకు ఏమీ కనబడదు. తర్వాత వచ్చినవి ఇద్దరు ముగ్గురితో మాట్లాడగలవు.

తమ్ముడి సంగతి

ఎంపిక జరిగిన చోట నాలుగు సైకిళ్లను స్టాండ్ల మీద పక్కపక్కనే బిగించారు. ఒక్కొక్కరు ఐదు నిమిషాలు తొక్కాలి, డిస్‌ప్లే చూపిన సగటు వాట్లను పుస్తకంలో రాస్తారు. మన తమ్ముడు రెండో సైకిల్ మీద, వేరే జిల్లా హాస్టల్ నుంచి వచ్చిన అబ్బాయి మూడో సైకిల్ మీద. మనవాడికి 191 వచ్చింది, మూడో సైకిల్ అబ్బాయికి 238. సీటు ఆ అబ్బాయికి ఇచ్చారు. "నీ బరువుకు ఇది చాలదు" అని మనవాడిని పంపేశారు.

హాస్టల్‌కు వచ్చాక నాలుగు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదట. వార్డెన్ సార్ ఫోన్ చేస్తే మేము ఆదివారం వచ్చాం. చాలాసేపటి తర్వాత వాడు ఒక్క మాట అన్నాడు: "అన్నా, చివర్న నేను కాళ్లు ఆపేసినా అంకె ఆగలేదన్నా. పక్కవాడు ఆపాక సున్నా అయింది."

రెండు మూడు సెకన్ల ఆలస్యం కాదా అని అడిగాం. కాదు, పక్కవాడు ఇంకా పది సెకన్ల పైన తొక్కాడన్నాడు. కేడెన్స్ ఎంత చూపించింది అంటే 70 దగ్గర అన్నాడు. వాడు ఎప్పుడూ 90కి తగ్గకుండా తొక్కేవాడు, మా ముందే తొక్కి చూపించాడు.

మాకు విషయం అర్థమైంది. అక్కడికి వెళ్లి కోచ్ గారిని కలిశాం. ముందు కొంచెం విసుక్కున్నారు, తర్వాత విన్నారు. ముందురోజు రాత్రి నాలుగు డిస్‌ప్లేలనూ తీసి ఒకే బల్ల మీద చార్జింగ్ పెట్టారట. పొద్దున ఎవరి చేతికి ఏది వస్తే అది బిగించారు. నాలుగూ ఒకేలా ఉంటాయి. రెండో సైకిల్ మీదకు మూడో సైకిల్ డిస్‌ప్లే వచ్చింది, మూడో దాని మీదకు రెండోది. ఒక్కోటీ తాను రాసుకున్న పాత నంబరు సెన్సర్‌నే వెతికి పట్టుకుంది. మీటరు దూరంలో ఉన్న మైకు వినబడకేం?

నోటిమాటతో ఇది తేలేది కాదు. ఆ డిస్‌ప్లేలు ప్రతి సవారీనీ ఒక ఫైలుగా దాచుకుంటాయి, ఏ నంబరు సెన్సర్ మాట విన్నదీ ఆ ఫైలులో ఉంటుంది. కంప్యూటర్లో తెరిచి చూపించాం. తమ్ముడి పేరు మీద రాసిన 191 వాట్ల ఫైలులో ఉన్నది మూడో సైకిల్ క్రాంకు మీది నంబరు. కోచ్ గారు రెండుసార్లు స్టిక్కరు దగ్గరికి వంగి చదువుకున్నారు. ఆయన మంచివారు, తన పుస్తకంలో తనే గీత కొట్టి ఇద్దరినీ మళ్లీ పిలిచారు.

రెండోసారి తమ్ముడికి 241 వచ్చింది. ఆ అబ్బాయికి 203, తన మునుపటి అంకె కన్నా ఎక్కువే. సీటు ఒక్కటే ఉంది. తమ్ముడికి వచ్చింది, ఆ అబ్బాయి పేరు వెయిటింగ్ లిస్టులో పెట్టారు. అప్పటికే ఆ అబ్బాయి వాళ్ల నాన్న కొత్త బూట్లు కొనిచ్చాడట. బస్సులో తిరిగి వచ్చేటప్పుడు తమ్ముడు ఎక్కువగా మాట్లాడింది ఆ బూట్ల గురించే.

ఇప్పుడు అక్కడ డిస్‌ప్లేల వెనుక సైకిల్ నంబరు రాసిన స్టిక్కర్లు అంటించారు. పరీక్షకు ముందు ఒక్కొక్కరితో విడిగా పెడల్ తిప్పించి, మిగతా మూడూ సున్నా చూపిస్తున్నాయో లేదో చూస్తున్నారు. తర్వాత పెడల్ మీద కాలు లేకుండా సున్నా సరిచేస్తున్నారు. దీనికి రెండు నిమిషాలు కూడా పట్టదు. మీరు ఎక్కడికైనా వెళ్లినప్పుడు వాళ్లు చేయకపోతే మీరే అడగండి. "సార్, ఒకసారి నేనొక్కణ్నే తిప్పి చూడనా?" అంటే ఎవరూ కాదనరు.

వేల రూపాయల సెన్సర్ మన దగ్గర లేకపోయినా దాని కొలత సరైనదో కాదో చూసే పద్ధతి మన వంటశాలలో ఉంది. వెనుక చక్రం బ్రేకు పట్టి క్రాంకును నేలకు సమాంతరంగా నిలిపి, పెడల్‌కు బియ్యం తూచే పది కిలోల రాయి వేలాడదీయాలి. క్రాంకు పొడవు 17 సెంటీమీటర్లయితే పదిని 9.8తో, 0.17తో గుణిస్తే 16.7 న్యూటన్ మీటర్ల దగ్గర రావాలి. షాపులో మేము సెన్సర్లను పరీక్షించేది ఇలాగే. సైన్సు ప్రదర్శనకు దీన్ని బోర్డు మీద గీసి పెడితే బాగుంటుంది.

ఇక మీకు ఒక లెక్క. 16వ రకం ఉత్తరం ఒకటి అందింది. అందులో కొలతల లెక్క 251, మొత్తం 65,120. కాసేపటికి అందిన ఇంకో ఉత్తరంలో లెక్క 7, మొత్తం 2,224. మధ్యలో ఎన్ని కొలతలు జరిగాయి, సగటు ఎన్ని వాట్లు? చేసినవాళ్లు కాగితం మీద పేరు, తరగతి రాసి స్టడీ హాలు అల్మారాలో పెట్టండి. వచ్చే నెల రెండో ఆదివారం మేము వచ్చి చూస్తాం. తమ్ముడు అప్పటికే చేసేశాడు, వాడిని అడగకండి.